ఆత్మహత్యల నివారణ: ప్రభుత్వం ముందు దేన్ని ఎంచుకోవాలి?

"చావాలనుకున్నవాణ్ణి ఎవరాపగలరు? ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటాడు." ఈ మాట అననివాళ్లు తక్కువ. అదే మనిషి మర్నాడు పేపర్లో వార్త చదివి "క్షణికావేశంలో చేసుకున్నాడు పాపం" అని నిట్టూరుస్తాడు. ఈ రెండు మాటలకీ పొత్తు కుదరదు. ఆవేశం నిజంగా క్షణికమే అయితే, ఆ కాస్త సమయం గడిపించగలిగితే మనిషి మిగులుతాడు. ఏ దేశం తయారుచేసిన నివారణ ప్రణాళికైనా తీసుకుని చదవండి. లోపల ఎన్ని పేజీలున్నా, అది ఈ రెండు మాటల్లో దేన్ని నమ్మి రాసిందో నాలుగో పేజీకల్లా తెలిసిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ఏటా 7 లక్షల 20 వేల మందికి పైగా ఆత్మహత్యతో చనిపోతున్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది దాకా పేద, మధ్యాదాయ దేశాల వాళ్లే. 15 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు ఇది మూడో పెద్ద కారణం. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ నమోదు చేసినవే 2022లో 1,70,924. అంటే లక్ష జనాభాకు 12.4.

ఇంత పెద్ద సమస్యకి ప్రభుత్వాలు ఏం చేయొచ్చు అంటే జవాబులు చాలానే ఉన్నాయి. డబ్బూ మనుషులూ తక్కువ ఉన్నప్పుడు దేనితో మొదలుపెట్టాలి అన్నదే చిక్కు. విధాన ప్రతిపాదనలు రాసేవాళ్లకి, ఎన్నికల ముందు నాయకుల దగ్గర ఈ విషయం ఎత్తాలనుకునేవాళ్లకి పనికొస్తుందని, వేర్వేరు దేశాలు ఎంచుకున్న దారుల్ని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. పోల్చడానికి నేను వాడే కొలబద్ద ఒకటే: సాయం అడగడానికి కూడా ఓపిక లేని మనిషిని ఆ చర్య చేరుతుందా, లేదా?

ప్రమాదకరమైనదాన్ని చేతికి అందనివ్వకపోవడం

ముందు ఒక పాత కథ. బ్రిటన్‌లో 1960ల దాకా వంటింటి గ్యాస్‌ని ఎక్కువగా బొగ్గు నుంచి తీసేవారు. అది విషపూరితం. 1963లో అక్కడి ఆత్మహత్యల్లో 40 శాతానికి పైగా దానివల్లే. తర్వాత ఖర్చు కలిసొస్తుందని మెల్లగా సహజవాయువుకి మారారు. ప్రాణాలు కాపాడదామన్న ఆలోచన ఆ నిర్ణయంలో లేదు. అయినా ఇంగ్లండ్, వేల్స్ కలిపి 1963లో 5,714 ఉన్న ఆత్మహత్యలు 1975కి 3,693కి దిగాయి. ఆ ఏళ్లలో యూరప్‌లోని చాలా దేశాల్లో అవి పెరుగుతున్నాయి. "ఇంకో దారి వెతుక్కుంటాడు" అన్నవాళ్లకి ఇదే జవాబు. కొందరు వెతుక్కున్నారు. ఎక్కువమంది వెతుక్కోలేదు. ఒక వంటింటి పైపులో పారే గ్యాస్ మారితే ఒక దేశపు మరణాల రేటు మారింది.

శ్రీలంక ఈ పనిని తెలిసి చేసింది. 1995లో అక్కడ లక్ష జనాభాకు 47 మంది ఆత్మహత్యతో చనిపోయేవారు. అప్పటికి ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో అదొకటి. ఎక్కువ మరణాలకు కారణం పురుగుమందులు. 1984లో మొదలుపెట్టి అత్యంత విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చారు. 1995లో ఆ తరగతి మొత్తాన్నీ తీసేశారు. 2008 నుంచి 2011 మధ్య మరికొన్నింటిని ఆపారు. ఇరవై ఏళ్లలో రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. 1995 నుంచి 2015 మధ్య సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. నిషేధాల వల్ల పంట దిగుబడి పడిపోయిందా అని కూడా చూశారు. అలాంటి జాడ కనబడలేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విషం తాగి ఆసుపత్రికి వచ్చేవాళ్ల సంఖ్య వెంటనే తగ్గలేదు. వచ్చినవాళ్లలో బతికేవాళ్లు పెరిగారు. ఇంట్లో గొడవపడి, కోపంలో చేతికందింది తాగేసిన మనిషి, ఆ అందిన మందు కాస్త తక్కువ విషం కాబట్టి ఆసుపత్రి దాకా ప్రాణంతో చేరాడు. తెల్లారేసరికి ఆ గొడవ మాత్రమే మిగిలింది, మనిషి ఉన్నాడు.

నిషేధం అంటే వ్యాపారులకు నచ్చదు, రైతు సంఘాలకు అనుమానం, వ్యవసాయ శాఖకు తలనొప్పి. అందుకే చాలాచోట్ల ఒక మెత్తని ప్రత్యామ్నాయం ముందుకొస్తుంది: మందు అమ్మనిద్దాం, దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టెలు పంచుదాం. వినడానికి బాగుంది. శ్రీలంకలోనే 180 గ్రామాల్లో దీన్ని పద్ధతి ప్రకారం పరీక్షించారు. సగం గ్రామాల్లో ఇంటింటికీ పెట్టెలిచ్చారు, మిగతా సగంలో ఇవ్వలేదు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. తాళంచెవి ఉండేది ఆ ఇంట్లోనే, తీసేది ఆ ఇంటి మనిషే. ప్రభుత్వం పెట్టె పంచుదామా, మందు ఆపేద్దామా అని తేల్చుకోలేకపోతుంటే ఈ ఒక్క ప్రయోగం చాలు.

దక్షిణ కొరియా 2012లో ఒక కలుపుమందు అమ్మకం ఆపేసింది. పురుగుమందుల ఆత్మహత్యలు రెండేళ్లలో దాదాపు సగమయ్యాయి. కానీ ఆ దేశపు మొత్తం రేటు? 2011లో లక్షకు 31.7 ఉండేది, తగ్గి, మళ్లీ పెరిగి 2024లో 29.1 దగ్గర ఉంది. అక్కడి మరణాల్లో పల్లెల వాటా తక్కువ. నగరంలో ఒంటరిగా ఉండే ముసలివాళ్లకీ, ఉద్యోగ ఒత్తిడిలో ఉన్న యువకులకీ కలుపుమందు నిషేధంతో పని లేదు. ఈ మార్గానికున్న హద్దు ఇదే. ఏ దేశంలో ఏది ఎక్కువ ప్రాణాలు తీస్తోందో దాన్నే ఆపితేనే ఫలితం. అమెరికాలో సగానికి పైగా ఆత్మహత్యలు తుపాకీలతోనే జరుగుతాయి. అక్కడ ఏం చేయాలో అందరికీ తెలుసు, రాజకీయంగా ఎవరూ దాని జోలికి పోలేరు.

మన దేశంలో 2020 మే నెలలో 27 పురుగుమందుల్ని నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా ఇచ్చింది. అభ్యంతరాలు, కమిటీలు అన్నీ అయ్యాక తుది ఉత్తర్వులు వచ్చేసరికి ఆ జాబితా బాగా చిక్కిపోయింది. నా ఉద్దేశంలో మన దగ్గర ఆత్మహత్యల నివారణకు సంబంధించిన అతి పెద్ద నిర్ణయం జరిగేది ఆరోగ్య శాఖలో కాదు, ఈ జాబితా తేల్చే వ్యవసాయ శాఖలో.

ఒకసారి బతికి బయటపడ్డవాళ్ల వెంట ఉండటం

పేపర్లో పెద్దగా రాని దారి ఇది. నాకు అన్నిటికంటే నచ్చేదీ ఇదే.

ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్లకి మళ్లీ ఆ ప్రమాదం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువ. మొదటి కొన్ని వారాలు మరీ ప్రమాదకరం. మామూలుగా జరిగేదేమిటి? కడుపు కడుగుతారు, సెలైన్ ఎక్కిస్తారు, రెండు రోజులకి డిశ్చార్జి. ఇంటికెళితే అదే గది, అదే అప్పు, అదే గొడవ, పైగా చుట్టుపక్కలవాళ్ల చూపులు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో చెన్నై, కొలంబోలతోపాటు బ్రెజిల్, ఇరాన్, చైనాల్లోని ఒక్కో నగరంలో ఒక ప్రయోగం చేశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 1,867 మంది. కొందరికి మామూలు వైద్యం మాత్రమే. మిగతావాళ్లకి డిశ్చార్జి ముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో, ఇంటికెళ్లి పలకరించడమో చేశారు. మొదటి పలకరింపు వారానికే, తర్వాత రెండో వారం, నాలుగో వారం, ఏడో వారం, పదకొండో వారం, ఆపైన నెలల ఎడంతో. మందులు లేవు, యంత్రాలు లేవు. ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా, ఏమైనా సాయం కావాలా, అంతే. ఏడాదిన్నర తర్వాత చూస్తే మామూలు వైద్యం గుంపులో 18 మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరించిన గుంపులో ఇద్దరు. తర్వాత వేరేచోట్ల చేసిన అధ్యయనాలన్నిటిలోనూ ఇంత పెద్ద తేడా రాలేదు, నిజమే. అయినా ఈ ఖర్చుకి ఇంత ఫలితం ఆశ చూపే పథకం ఇంకోటి నాకు కనబడలేదు.

ఫ్రాన్స్ దీన్నే వ్యవస్థగా మార్చింది. 2015లో ఉత్తర ఫ్రాన్స్‌లో మొదలైన కార్యక్రమంలో, ఆసుపత్రి నుంచి వెళ్లేటప్పుడు చేతిలో ఒక కార్డు పెడతారు. ఇంతకుముందు కూడా ప్రయత్నించినవాళ్లయితే రెండు మూడు వారాల్లోపు ఫోన్ చేస్తారు. ఫోన్‌కి దొరకకపోతే పోస్ట్‌కార్డు రాస్తారు. తర్వాత దాన్ని దేశమంతా విస్తరించారు. డెన్మార్క్ ఇంకాస్త లోతుగా పోయి, ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసమే ప్రత్యేక క్లినిక్‌లు పెట్టింది. వాటిలో కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ ఏళ్ల తరబడి గమనిస్తే, తీసుకున్నవాళ్లలో మళ్లీ ప్రయత్నించడం, చనిపోవడం రెండూ తక్కువగా ఉన్నాయి.

డెన్మార్క్ పద్ధతికి శిక్షణ పొందిన నిపుణులు కావాలి. ఫ్రాన్స్ పద్ధతికి కావాల్సింది కొందరు నర్సులు, ఒక రిజిస్టరు, ఫోన్ బిల్లు. నిపుణులు తక్కువగా ఉన్న దేశం రెండోదానితో మొదలుపెట్టాలి. డెన్మార్క్‌ని చూసి నోరూరించుకుంటూ పదేళ్లు ఆగడం అనవసరం.

ఇందులో ఒక పెద్ద అడ్డంకి ఉంది: రిజిస్టరులో పేరు రాయాలంటే నిజం చెప్పాలి. పోలీసు కేసు అవుతుందన్న భయం ఉంటే కుటుంబం నిజం చెప్పదు. "పొరపాటున తాగాడండీ, దగ్గు మందు అనుకున్నాడు" అంటారు. డాక్టరుకీ తెలుసు, నర్సుకీ తెలుసు, అందరూ తల ఊపుతారు. పలకరించాల్సినవాళ్ల జాబితాలోంచి ఆ పేరు అక్కడే జారిపోతుంది. అందుకే చట్టం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి.

చట్టం మార్చడం

ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే చట్టాన్ని బ్రిటన్ 1961లో, శ్రీలంక 1998లో తీసేశాయి. పాకిస్తాన్ 2022లో, మలేసియా, ఘనా 2023లో ఆ పని చేశాయి. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని, ప్రభుత్వం వైద్యం, పునరావాసం కల్పించాలని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి విధికి అడ్డుపడాలని, అతన్ని లొంగదీయాలని ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం 226వ సెక్షన్ ఉంది.

చట్టం మార్చడానికి ఖర్చు దాదాపు సున్నా. దానివల్లనే మరణాలు తగ్గుతాయని చెప్పలేం గానీ, అది లేకుండా పైన చెప్పిన పలకరింపు పథకం నడవదు. కాగితం మీద చట్టం మారినా మన భాష ఇంకా మారలేదు, అది వేరే సంగతి. ఇప్పటికీ వార్తల్లో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అనే రాస్తాం. దొంగతనానికి, మోసానికి పాల్పడతారు. తట్టుకోలేని బాధలో ఉన్న మనిషికి కూడా అదే క్రియాపదం అంటగట్టాం.

హెల్ప్‌లైన్

ఏ ప్రభుత్వమైనా మొదట చేసే పని ఇదే. ఎందుకంటే హెల్ప్‌లైన్‌కి ప్రారంభోత్సవం ఉంటుంది. పురుగుమందు నిషేధానికి రిబ్బన్ కత్తిరించలేరు కదా.

వెటకారం పక్కన పెడితే, ఇది అవసరమే. అమెరికా 2022 జూలై 16న పాత పది అంకెల నంబరు స్థానంలో 988 తెచ్చింది. కొరియా తన దగ్గరున్న రకరకాల నంబర్లని కలిపి 2024 జనవరి నుంచి 109 అనే ఒక్క నంబరు చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలిమానస్ మొదలుపెట్టింది. నంబరు 14416. తెలుగుతో సహా 20 భాషల్లో, రాత్రీపగలూ, ఉచితంగా మాట్లాడొచ్చు. దానికి రెండేళ్ల ముందు ఇంకో మంత్రిత్వ శాఖ వేరే హెల్ప్‌లైన్ పెట్టింది, విద్యా శాఖది ఇంకోటి. ఒక్కో శాఖకి ఒక్కో నంబరైతే కష్టంలో ఉన్న మనిషికి ఒక్కటీ గుర్తుండదు. ఈ విషయంలో కొరియా చేసింది సరైన పని.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరి మనసైనా ఇప్పుడు బాగాలేకపోతే, లేదా ఇంట్లో ఎవరి గురించైనా టెన్షన్‌గా ఉంటే, మిగతా పోలికలు తర్వాత చదవొచ్చు. ముందు ఆ నంబరుకి ఫోన్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 112.

హెల్ప్‌లైన్‌కున్న పరిమితి నా కొలబద్దతో చూస్తే వెంటనే తెలుస్తుంది. అది ఫోన్ చేసినవాళ్లని మాత్రమే చేరుతుంది. మగవాళ్లు ఆడవాళ్ల కంటే ఎక్కువగా చనిపోతున్నారు, సాయం అడగడం మాత్రం వాళ్లలోనే తక్కువ. అందుకని హెల్ప్‌లైన్లని పోల్చేటప్పుడు ఎన్ని కాల్స్ వచ్చాయన్న లెక్కకి మురిసిపోవద్దు. ఎన్ని కాల్స్ ఎత్తకుండా పోయాయి, ఎత్తినవాటిలో ఎంతమందిని దగ్గర్లోని డాక్టరు దాకా చేర్చారు, మర్నాడు తిరిగి ఫోన్ చేశారా అని అడగాలి. వెనకాల జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడు లేకపోతే ఆ కౌన్సెలరు పాపం ఎక్కడికని పంపిస్తాడు?

ప్రచారంతోనే పని జరగదనడానికి సియోల్ నగరంలోని ఒక వంతెన ఉదాహరణ. 2012లో దాని రెయిలింగు మీద మనిషి నడుస్తుంటే వెలిగే ఓదార్పు వాక్యాలు పెట్టారు. అంతర్జాతీయ ప్రకటనల రంగంలో దానికి బహుమతులు కూడా వచ్చాయి. అక్కడ ప్రయత్నాలు తగ్గకపోగా పెరిగినట్టు లెక్కలు రావడంతో కొన్నేళ్లకి తీసేశారు. మంచి మాటలు రాసిన రెయిలింగు కంటే ఎత్తు పెంచిన రెయిలింగు మేలు.

బడుల్లో ఏం చేయాలి

ఇక్కడ పోలికకు బలమైన ఆధారం ఉంది. యూరప్‌లో పది దేశాల్లో, 168 బడుల్లో, 11,110 మంది విద్యార్థుల మీద మూడు పద్ధతుల్ని పరీక్షించారు. ఒకటి, ప్రమాద సూచనలు గుర్తుపట్టేలా టీచర్లకి శిక్షణ. రెండు, ప్రశ్నపత్రం పెట్టి ప్రమాదంలో ఉన్న పిల్లల్ని ఏరి డాక్టరు దగ్గరికి పంపడం. మూడు, పిల్లలతోనే కొన్ని గంటల పాటు నాటకంలా పాత్రలు వేయించి, ఒత్తిడి గురించి, దిగులు గురించి, స్నేహితుడు బాధలో ఉంటే ఏం చేయాలో మాట్లాడించడం. 2015లో వచ్చిన ఫలితం: ఏడాది తర్వాత మూడోదాంట్లో మాత్రమే ఆత్మహత్యాయత్నాలు సుమారు సగానికి తగ్గాయి. టీచర్ల శిక్షణకి చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ప్రభుత్వాలు మాత్రం ఇష్టపడేది టీచర్ల శిక్షణనే. రెండు రోజుల వర్క్‌షాపు, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటో.

మన దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్యతో చనిపోయినట్టు నమోదైంది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు అర్హత ఉన్న కౌన్సెలరుని పెట్టుకోవాలన్నది వాటిలో ఒకటి. మంచిదే. కానీ కౌన్సెలరు కూడా అడిగి వచ్చినవాళ్లకే దొరుకుతాడు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది తమిళనాడు చేసిన ఒక చిన్న మార్పు. పరీక్ష తప్పిన పిల్లలు ఏడాది ఆగక్కర్లేకుండా కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ రాసి, అదే ఏడాది పైచదువులో చేరేలా చేశారు. ఆ తర్వాత పరీక్ష తప్పి చనిపోయే పిల్లల సంఖ్య తగ్గిందని అక్కడి మానసిక వైద్యులు చూపించారు. ఇందులో మానసిక ఆరోగ్యం అన్న పదమే లేదు. పరీక్ష తప్పడం అనే గోతి లోతు తగ్గించారు, అంతే.

వార్తలు రాసే తీరు

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చవక, త్వరగా ఫలితమిస్తుంది, ఎవరికీ నష్టం లేదు. వియన్నాలో మెట్రో రైళ్ల దగ్గర జరిగే ఆత్మహత్యల వార్తలు సంచలనంగా రాయకూడదని 1987లో పత్రికలు ఒప్పుకున్నాక అక్కడి సంఘటనలు కొద్ది నెలల్లోనే నాలుగింట మూడొంతులు తగ్గాయి. మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్ని స్వీకరించింది: పద్ధతి వివరించవద్దు, హెడ్‌లైన్‌లో పెట్టొద్దు, ఒకే కారణానికి కుదించవద్దు. "మార్కులు తక్కువ వచ్చాయని", "భార్య పుట్టింటికి వెళ్లిందని" అని మొదలయ్యే హెడ్‌లైన్లు రోజూ చూస్తూనే ఉన్నాం. నియమం ఉంది, పాటించనివాళ్లని అడిగేవాళ్లు లేరు. పత్రికలన్నీ ఒక గదిలో కూర్చుని ఒప్పుకున్న చోట ఇది పనిచేస్తుంది.

జపాన్ దారి, ఫిన్లాండ్ దారి

ఇప్పటిదాకా చెప్పినవి ఒక్కో చర్య. దేశం మొత్తాన్ని కదిలించిన నమూనాలు ఈ రెండు.

జపాన్‌లో 1997లో 24,391గా ఉన్న ఆత్మహత్యలు ఆర్థిక సంక్షోభంలో ఒక్క ఏడాదిలో 32,863కి ఎగబాకాయి. తర్వాత పద్నాలుగేళ్లు 30,000 కిందికి దిగలేదు. 2003లో 34,427. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న కుటుంబాలూ స్వచ్ఛంద సంస్థలూ లక్షకు పైగా సంతకాలు సేకరించి ఒత్తిడి తెస్తే, 2006లో ఆత్మహత్యల నివారణకే ఒక మౌలిక చట్టం వచ్చింది. ఇది వ్యక్తి బలహీనత కాదు, సమాజం బాధ్యత అని ఆ చట్టం ఒప్పుకుంది. అప్పుల సంగతి కూడా పట్టించుకున్నారు. వడ్డీ వ్యాపార చట్టాన్ని మార్చి వడ్డీ రేట్లకి కళ్లెం వేశారు. మనిషి ఏడాది ఆదాయంలో మూడో వంతుకు మించి అప్పు ఇవ్వకూడదన్నారు. ఇదంతా 2010కి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2016లో చట్టాన్ని సవరించి ప్రతి మునిసిపాలిటీ సొంత ప్రణాళిక రాసుకోవాలన్నారు. తమ ఊళ్లో ఏ వయసువాళ్లు, ఏ పనిచేసేవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారో ఆ వివరాలు పైనుంచి అందుతాయి. 2019కి సంఖ్య 20,169కి దిగింది. కోవిడ్‌లో పెరిగి, 2024లో 20,320.

అంతా బాగుంది అనుకునేలోపు ఇంకో లెక్క: 2024లోనే అక్కడ బడిపిల్లల ఆత్మహత్యలు 500 దాటి అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఎక్కువయ్యాయి. అప్పుల్లో కూరుకున్న నడివయసు మగవాళ్ల కోసం కుట్టిన చొక్కా పిల్లలకి సరిపోలేదు.

ఫిన్లాండ్ జాతీయ కార్యక్రమం ఇంకా పాతది, 1986లో మొదలైంది. వాళ్లు ముందు లెక్క తీశారు. 1987 ఏప్రిల్ నుంచి ఒక ఏడాది పాటు దేశంలో జరిగిన ప్రతి ఆత్మహత్యనీ, మొత్తం 1,397 మరణాల్ని, కుటుంబాలతో, వైద్యులతో మాట్లాడి పరిశీలించారు. చాలామందికి డిప్రెషన్ ఉందని, సరైన వైద్యం అందింది కొద్దిమందికేనని తేలింది. 1990లో లక్షకు 30 దగ్గర ఉన్న రేటు కార్యక్రమం ముగిసేసరికి 20 శాతం తగ్గింది. తర్వాతి దశాబ్దాల్లో సగానికి పైగా పడిపోయింది.

రెండిట్లో ఏది? జనాభా తక్కువగా ఉండి, ఆసుపత్రులు బాగున్న దేశానికి ఫిన్లాండ్ పద్ధతి తేలిక. అప్పు, ఉద్యోగం, వ్యవసాయ నష్టం లాంటివి ఎక్కువమందిని తోస్తున్న చోట జపాన్ పద్ధతే దగ్గర. అయితే జపాన్‌ని కాపీ కొట్టేటప్పుడు చాలా దేశాలు చట్టం పీఠికని కాపీ కొట్టి, వడ్డీ పరిమితిని వదిలేస్తాయి.

మరి ఏది ఎంచుకోవాలి?

పల్లెల్లో పురుగుమందుల మరణాలు ఎక్కువగా ఉన్న దేశమైతే నేను రెండో ఆలోచన లేకుండా నిషేధంతో మొదలుపెట్టమంటాను. మిగతావన్నీ ఆ తర్వాతే. ఆత్మహత్యాయత్నం ఇంకా నేరంగా ఉన్న దేశమైతే ముందు ఆ సెక్షన్ తీసేయాలి, లేకపోతే ఏ లెక్కా నిజం కాదు. ఈ రెండూ అయిపోయి, చేతిలో కొద్దిపాటి డబ్బే మిగిలితే, దాన్ని కొత్త హెల్ప్‌లైన్ ప్రకటనలకి పెట్టకుండా ఆసుపత్రుల్లో పలకరింపు నర్సులకి పెట్టాలి. హెల్ప్‌లైన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ పలకరింపు ఫోన్లు అక్కడి నుంచే చేయించొచ్చు. ఈ రెండిటినీ కలిపితే ఫోన్ కోసం ఎదురుచూసే వ్యవస్థ, ఫోన్ చేసే వ్యవస్థ అవుతుంది.

మనవాళ్లు 2022 నవంబరులో జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం విడుదల చేశారు. 2030 కల్లా మరణాలు 10 శాతం తగ్గించాలన్నది లక్ష్యం. మూడేళ్లలో సమాచార సేకరణ వ్యవస్థ, అయిదేళ్లలో అన్ని జిల్లాల్లో మానసిక వైద్య ఓపీ, ఎనిమిదేళ్లలో విద్యాసంస్థల్లో మానసిక ఆరోగ్య పాఠాలు అని గడువులు కూడా పెట్టారు. గడువులు రాయడం మంచి విషయం, చాలా దేశాల ప్రణాళికల్లో అవి ఉండవు. అయితే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి లక్ష్యాల్లో అదే 2030కి అడిగింది మూడో వంతు తగ్గింపు. పైగా ఇది ఆరోగ్య శాఖ పత్రం. మందుల నిషేధం వ్యవసాయ శాఖ చేతిలో, పరీక్షలు విద్యా శాఖ చేతిలో, రుణాలు ఆర్థిక శాఖ చేతిలో ఉంటాయి. జపాన్ మొదట్లో ఈ బాధ్యతని ఏ ఒక్క శాఖకీ ఇవ్వకుండా నేరుగా కేబినెట్ ఆఫీసులో పెట్టింది అందుకే.

ఇంకో తేడా కూడా అక్కడే ఉంది. జపాన్‌లో పోలీసులు ఆత్మహత్యల తాత్కాలిక లెక్కని నెలనెలా బయటపెడతారు. ఒక నెలలో ఆడవాళ్ల మరణాలు పెరిగితే వచ్చే నెలకే తెలుస్తుంది, దాని మీద సమావేశం జరుగుతుంది. మన దగ్గర 2022 లెక్క 2023 డిసెంబరులో వచ్చింది. 2023 లెక్క కోసం 2025 సెప్టెంబరు చివరిదాకా ఆగాం. ఆ ఇరవయ్యొక్క నెలల్లో ఏ జిల్లాలో ఏ మందు కొత్తగా ప్రాణాలు తీయడం మొదలుపెట్టిందో ఆసుపత్రి క్యాజువాలిటీలో ఉన్న డ్యూటీ డాక్టరుకి తెలిసే ఉంటుంది. అతన్ని అడిగి రాసుకునే ఫారం మాత్రం ఎవరూ పంపలేదు.